వరుస పుస్తకం

1902లో కెనడాలోని సింటలూటా అనే చిన్న ఊళ్ళో ఒక రైల్వే స్టేషను ఏజెంటుకు 50 డాలర్ల జరిమానా పడింది. గోధుమలు పంపుకోవడానికి వ్యాగన్లు కావాలని ముందుగా పేరు రాయించుకున్న రైతులను పక్కన పెట్టి, వెనక వచ్చినవాళ్ళకు ఇచ్చాడన్నది అతని మీద మోపిన నేరం. ముప్పై ఏళ్ళకు పైగా గూడ్సు షెడ్లలో గుమాస్తాగా పని చేసి, ఇప్పుడు గుంతకల్లులో విశ్రాంతిగా కాలం గడుపుతున్న నాకు, ఆ సంగతి మొదటిసారి చదివినప్పుడు వెనక నుంచి ఎవరో వచ్చి భుజం మీద చెయ్యి వేసినట్టు అనిపించింది. ఎందుకో తర్వాత చెబుతాను. ముందు ఆ కేసు పెట్టిన రైతు సంఘానికి అధ్యక్షుడుగా ఉన్న మనిషి గురించి చెప్పాలి. ఆయన పేరు విలియం రిచర్డ్ మదర్‌వెల్. కేసు జరిగిన మూడేళ్ళకు ఆయన సస్కాచెవాన్ రాష్ట్రానికి మొట్టమొదటి వ్యవసాయ మంత్రి అయ్యాడు.

మా చిన్నమ్మాయి, అల్లుడు ఆ రాష్ట్ర రాజధాని రెజైనాలో ఉంటారు. కిందటేడు జూలైలో నేనూ మా ఆవిడా అక్కడికి వెళ్ళినప్పుడు, ఒక ఆదివారం పూట మమ్మల్ని అక్కడికి సుమారు వంద కిలోమీటర్ల దూరంలో ఉన్న అబర్నెథీ అనే ఊరి పక్కకు తీసుకుపోయారు. మదర్‌వెల్ కాపురమున్న ఇంటినీ, పశువుల కొట్టాన్నీ, తోటనూ కెనడా ప్రభుత్వం చారిత్రక స్థలంగా కాపాడుతోంది. నడివేసవి అన్నారు గానీ ఎండ మన పుష్యమాసపు మధ్యాహ్నంలా ఉంది. మా ఆవిడ పూలమొక్కల దగ్గర ఆగిపోయింది. నేను మాత్రం గోడకు తగిలించిన ఒక పటం కింద వ్యాగన్ల గొడవ గురించి నాలుగు ముక్కలు చదివి, తిరిగి వచ్చాక ఆ నాలుగు ముక్కలను పట్టుకుని నెలల తరబడి తవ్వుకుంటూ పోయాను. కెనడా పోయి వచ్చినవాళ్ళు సాధారణంగా నయాగరా గురించి రాస్తారు. నేను నయాగరా చూడలేదు. చూసినా దాని గురించి రాయడానికి నా దగ్గర ఏమీ ఉండేది కాదు.

మదర్‌వెల్ 1860 జనవరిలో తూర్పు కెనడాలోని అంటారియోలో, పెర్త్ అనే ఊళ్ళో పుట్టాడు. గ్వెల్ఫ్‌లోని వ్యవసాయ కళాశాలలో చదువు పూర్తి చేసింది 1881లో. మరుసటి ఏడాది, 22 ఏళ్ళ వయసులో, పడమట కొత్తగా పంచుతున్న భూముల వైపు బయల్దేరాడు. పట్టాలు పడినంత దూరం రైలు, ఆ పైన ఎద్దుబండి. 1872 నాటి చట్టం ప్రకారం 10 డాలర్ల రుసుము కట్టిన మగవాడికి 160 ఎకరాలు రాసిచ్చేవారు. మూడేళ్ళు అక్కడే కాపురముండి, ఇల్లు కట్టి, కొంత నేల సాగులోకి తెస్తే పట్టా చేతికి వచ్చేది. మన దత్తమండలాల్లో మన్రో దొర రైతుల పేర్ల మీద నేరుగా శిస్తు రాయించి అప్పటికి దాదాపు 80 ఏళ్ళు. ఇక్కడ ఎవరో ఒకరు తరతరాలుగా దున్నుతున్న మడిచెక్కలను కొలిచి, వాటి వంకరటింకర గట్లను ఉన్నవి ఉన్నట్టు లెక్కకెక్కించారు. అక్కడ నాగలి ఎరగని నేలను ముందు కాగితం మీద చదరంగపు గడులుగా గీశారు. ఆరు మైళ్ళ పొడవు, ఆరు మైళ్ళ వెడల్పు గల ఒక్కొక్క చదరంలో 36 గడులు, గడికి 640 ఎకరాలు, అందులో నాలుగో వంతు ఒక రైతుకు. విమానం కిటికీలోంచి చూస్తే ఇప్పటికీ ఆ గీతలు అలాగే కనిపిస్తాయి. ఆ గడులలో మంచివన్నీ రైతులకే పోయాయని అనుకోకూడదు. దేశం ఈ చివరి నుంచి ఆ చివరి దాకా పట్టాలు వేసినందుకు ప్రభుత్వం కెనడియన్ పసిఫిక్ రైల్వే కంపెనీకి రెండున్నర కోట్ల డాలర్ల నగదు, దానితో పాటు రెండున్నర కోట్ల ఎకరాల భూమి ముట్టజెప్పింది.

అబర్నెథీ ప్రాంతంలో ఏడాదికి పడే వాన, మంచు కలిపి లెక్క వేసినా దాదాపు 400 మిల్లీమీటర్లు. మన అనంతపురానికి సగటున 550 మిల్లీమీటర్ల దాకా పడుతుంది. ఈ అంకె చూసి మన కంటే కరువు నేల మరొకటి ఉందా అని నేను నివ్వెరపోయాను. అక్కడ ఎండ తక్కువ కాబట్టి నీరు అంత తొందరగా ఆవిరైపోదని మా అల్లుడు సర్ది చెప్పాడు. ఏమైనా, వానను నమ్ముకుని అక్కడ ఏటేటా గోధుమ వేస్తే నేల తేమ చాలదు. దానికి విరుగుడు దొరికిన తీరు చిత్రంగా ఉంటుంది. 1885 వసంతంలో, ఆ ప్రాంతపు మెటీలు (ఆదివాసీ, యూరపు రక్తాలు కలిసిన జాతి), క్రీ జాతివాళ్ళు ప్రభుత్వం మీద తిరగబడ్డారు. సైన్యానికి సామాను మోయడానికి బండ్లు, గుర్రాలు కావలసి వచ్చి, ఇండియన్ హెడ్ అనే ఊరి చుట్టుపక్కల రైతులు మంచి కిరాయికి అటు పోయారు. విత్తే అదును దాటిపోయింది. తిరిగి వచ్చిన తర్వాత ఉత్తినే వదిలేయడం ఎందుకని ఆ బీళ్ళను ఎండాకాలమంతా దున్ని కలుపు లేకుండా ఉంచారు. 1886లో వానలు ముఖం చాటేశాయి. చుట్టూ పైర్లు మాడిపోతుంటే, కిందటేడు బీడు పెట్టి దున్నిన నేలల్లో మాత్రం గోధుమ చక్కగా పండింది. అక్కడి రైతు అంగస్ మెకే ఈ సంగతి గమనించాడు. కొన్నాళ్ళకు ఇండియన్ హెడ్‌లో ప్రభుత్వం పెట్టిన ప్రయోగ క్షేత్రానికి ఆయనే అధికారి అయి, ఒక ఏడాది బీడు, మరుసటి ఏడాది పైరు అనే పద్ధతిని ఊరూరా చెప్పించాడు. మదర్‌వెల్ దానిని మొదట అందిపుచ్చుకున్నవాళ్ళలో ఒకడు. జీవితమంతా ఎక్కడ నిలబడి మాట్లాడినా ఆ మాట తేకుండా దిగేవాడు కాదు.

ఉరవకొండ, తాడిపత్రి వైపు నల్లరేగడి రైతుకు ఇది వింత కాదు. ముంగారులో, అంటే తొలి వానల కాలంలో, చేను బీడు పెట్టి, వాన పడినప్పుడల్లా గుంటక తోలి, ఆ పదును భూమిలో దాచుకుని, హింగారిలో, అంటే వెనక వానలకు, పప్పుశనగ విత్తడం మన దగ్గర తాతల నాటి సేద్యం. తేడా అల్లా మనది నాలుగైదు నెలల బీడు, వాళ్ళది ఏడాది పైచిలుకు. ఎర్ర నేలకు ఆ భాగ్యం లేదు. అది తాగిన నీటిని నిలుపుకోలేదు. మా నాన్నది ఎర్ర నేలే.

గోధుమ పండించడం ఒక ఎత్తయితే, దానిని రైలు దాకా చేర్చడం మరొక ఎత్తు. ఇరవై ఏళ్ళకు పైగా అబర్నెథీకి రైలు లేదు. రైతులు ఇరవై పాతిక మైళ్ళ దూరంలోని ఇండియన్ హెడ్ లేదా సింటలూటాకు, మధ్యలో క్వాపెల్ నది లోయలోకి దిగి మళ్ళీ ఎక్కి, గుర్రపు బండ్ల మీద, చలికాలమైతే మంచు మీద జారే బండ్ల మీద గోధుమలు తోలుకు పోవలసి వచ్చేది. అక్కడ స్టేషను పక్కన ఎలివేటరు ఉండేది. ఎలివేటరంటే మనం ఎక్కే లిఫ్టు కాదు. ధాన్యాన్ని పైకెత్తి లోపలి అరల్లో పోసి, కింద తూము తీస్తే వ్యాగనులో పడేలా కట్టిన, తాటిచెట్టంత ఎత్తు చెక్క గిడ్డంగి. ఆవిరి యంత్రంతో నడిచే పెద్ద ఎలివేటరు కట్టినవాళ్ళకు రైల్వే కంపెనీ ఒక హామీ ఇచ్చింది. ఆ ఊళ్ళో చిన్న గిడ్డంగులకు గానీ, బండిలోంచి నేరుగా వ్యాగనులోకి ఎత్తుకుంటామనే రైతులకు గానీ వ్యాగన్లు ఇవ్వబోమన్నది ఆ హామీ. అంటే రైతుకు దారి ఒక్కటే. ఎలివేటరువాడు ఏ తరగతి అంటే ఆ తరగతి, ఎంత తరుగు అంటే అంత తరుగు. కాదంటే పాతిక మైళ్ళు బండి వెనక్కి తిప్పుకోవచ్చు.

ఇక్కడ ఒక మాట చెప్పక తప్పదు. మా నాన్న పదిహేను బస్తాల వేరుశనక్కాయలు మండీకి తోలి తెచ్చిన చీటీ ఒకటి ఇప్పటికీ నా పెట్టెలో ఉంది. పెన్సిలుతో రాసిన లెక్క. మట్టికని కొంత, తేమకని కొంత, గోతం బరువుకని కొంత, ధర్మానికని ఇంకొంత. ఆ పైన హమాలీ, కమీషను. కాగితం మడత పడిన చోట అంకెలు చెరిగిపోయాయి, తరుగు అన్న మాట మాత్రం నాలుగు చోట్ల స్పష్టంగా ఉంది. ఆయన ఎవరి మీదా అరిచినట్టు నాకు గుర్తు లేదు. ఇంటికి వచ్చి కాళ్ళు కడుక్కుంటూ, "కాయ మనది, కాటా వాళ్ళది" అనేవాడు. పశ్చిమ కెనడా రైతుల ఫిర్యాదు కూడా సరిగ్గా అదే. 1899లో ప్రభుత్వం ఒక విచారణ సంఘాన్ని వేసింది. దాని సిఫారసు మీద 1900లో మానిటోబా ధాన్య చట్టం వచ్చింది. రైతు తన ధాన్యాన్ని తనే వ్యాగనులోకి ఎత్తుకోవచ్చనీ, అందుకు స్టేషన్లలో అరుగులు కట్టాలనీ అందులో రాశారు.

చట్టం రాయడం వేరు, వ్యాగను దొరకడం వేరు. 1901లో పంట విరగబడి పండింది. రైల్వే దగ్గర ఇంజన్లు చాలవు, వ్యాగన్లు చాలవు. వచ్చిన కొద్దిపాటి వ్యాగన్లు ఎలివేటర్లకే పోయేవి. అరుగు దగ్గర రైతు చూస్తూ నిలబడేవాడు. ఎలివేటర్లు నిండిపోయాయి, ఆరుబయట పోసిన గోధుమ రాసుల మీద మంచు పడింది. ఊళ్ళల్లో తుపాకులు పట్టుకుందామనే మాటలు కూడా వినపడ్డాయంటారు.

మదర్‌వెల్‌కు అప్పటికి 41 ఏళ్ళు. పొరుగూరి రైతు పీటర్ డేమన్‌తో కలిసి ఆయన చేసిన పని చాలా చిన్నది: చుట్టుపక్కల రైతులకు ఉత్తరాలు రాశారు. తేదీ ఎంచుకోవడంలో మాత్రం తెలివి చూపారు. 1901 డిసెంబరు 18న ఇండియన్ హెడ్‌లో, ఆ ప్రాంతపు ప్రభుత్వ నాయకుడు హాల్టేన్‌కూ, పక్క రాష్ట్రం మానిటోబా ప్రధాని (మన ముఖ్యమంత్రి లాంటివాడు) రాబ్లిన్‌కూ మధ్య బహిరంగ వాదం ఏర్పాటై ఉంది. ఆ ప్రాంతాన్ని మానిటోబాలో కలపాలా వద్దా అన్నది విషయం. అది వినడానికి బండ్లు కట్టుకుని రైతులు ఎలాగూ వస్తారు. అదే రోజు, అదే ఊళ్ళో మదర్‌వెల్ తన సభ పెట్టాడు. తిరునాళ్ళకు వచ్చిన జనంతోనే పంచాయితీ పెట్టడం మన పల్లెల్లోనూ తెలిసిన యుక్తే. ఆ సభలో ధాన్యం పండించే రైతుల సంఘం పుట్టింది, మదర్‌వెల్ దానికి మొదటి అధ్యక్షుడయ్యాడు. ఆ ప్రధానులిద్దరి వాదంలో ఎవరు గెలిచారన్నది ఇవాళ ఎవరికీ పట్టదు.

సంఘం మొదట అడిగింది భూమి పన్ను తగ్గింపు కాదు, గిట్టుబాటు ధర కాదు. ప్రతి స్టేషనులోనూ ఒక పుస్తకం పెట్టాలి. వ్యాగను కావలసినవాడు, రైతు కానీ ఎలివేటరు కంపెనీ కానీ, అందులో తన పేరు రాయించుకోవాలి. వ్యాగను వచ్చినప్పుడు ఆ పుస్తకంలో ఎవరి పేరు ముందుంటే వాళ్ళకే ఇవ్వాలి. 1902లో చట్టాన్ని సవరించి ఈ నియమం చేర్చారు. ఆ శరదృతువులో సింటలూటా స్టేషను ఏజెంటు నియమాన్ని లెక్క చేయకుండా తన పాత పద్ధతినే సాగించాడు. సంఘం అతని మీద కేసు పెట్టింది. స్థానిక మేజిస్ట్రేట్లు జరిమానా వేశారు. రైల్వే కంపెనీ ఊరుకోలేదు. అప్పీలు మీద అప్పీలు చేస్తూ దేశపు సుప్రీంకోర్టు దాకా పోయింది, అక్కడా ఓడిపోయింది. 50 డాలర్లు ఆ కంపెనీకి గడ్డిపరక పాటి చేయవు. కానీ ఆ తర్వాత స్టేషన్లలో వరుస పుస్తకం గౌరవంగా కూర్చుంది.

ఇక భుజం మీద చెయ్యి సంగతి. నేను ఉద్యోగంలో చేరిన తొలినాళ్ళలో, ఒక చిన్న స్టేషనులో, అలాంటి పుస్తకమే నా బల్ల మీద ఉండేది. ఇండెంటు రిజిస్టరు అనేవాళ్ళం. ఇప్పుడు సరుకంతా నిండు రేకుల లెక్కన, అంటే ఒక బండికి సరిపడా వ్యాగన్లు ఒకేసారిగా, కదులుతోంది గానీ, అప్పట్లో ఒకటి రెండు వ్యాగన్ల ఇండెంట్లు కూడా వచ్చేవి. పొడుగాటి పుటలు, ఎర్ర గీతలు, ఎడమ నుంచి వరుసగా తేదీ, వేళ, పేరు, సరుకు, పోవలసిన ఊరు. ఒక వానాకాలం నలుగురైదుగురు ఉల్లి రైతులు కలిసి ఒక వ్యాగనుకు ఇండెంటు పెట్టారు. వాళ్ళ తర్వాత రెండు రోజులకు ఒక చెక్క వ్యాపారి, వేరుశనగ చెక్క పంపేవాడు, ఇండెంటు పెట్టాడు. ఆయన మాటకారి, పలుకుబడి గలవాడు, నాకు రోజూ టీ తెప్పించేవాడు. వ్యాగను వచ్చింది. అది చెక్కకు పోయింది. పుస్తకంలో నేను వేళ గడిలో ఒక అంకె మీద మరో అంకె దిద్దాను. పైవాళ్ళు చెప్పలేదు, ఎవరూ బలవంతం చేయలేదు. చేసింది నేనే, ఆ టీకి మొహమాటపడి. మరో వ్యాగను వచ్చేసరికి నాలుగు రోజులు పట్టింది. ఈలోపల జల్లు పడి, ప్లాట్‌ఫారం చివర పేర్చిన గోతాలు తడిశాయి. అడుగు వరస గోతాల్లో ఉల్లి మొలకెత్తింది. వాళ్ళలో పెద్దాయన ఒకరు, మా నాన్న ఈడువాడు, నా బల్ల ముందుకు వచ్చి చాలాసేపు నిలబడి, "నీ పుస్తకంలో మా పేరే గదా నాయనా ముందుండేది" అన్నాడు. ఇంకేమీ అనలేదు. ఆ వాసన, తడి గోనె, కుళ్ళిన ఉల్లి కలిసిన వాసన, షెడ్డులో వారం రోజులు పోలేదు.

నా మీద ఎవరూ కేసు పెట్టలేదు. సింటలూటా ఏజెంటు గురించి చదివినప్పుడు అతని మీద నాకు కోపం రాకపోవడానికి కారణం ఇదే. అతని ముందున్న ఎలివేటరు కంపెనీలు నా ముందున్న చెక్క వ్యాపారి కంటే ఎన్నో రెట్లు పెద్దవి.

రైతు రాజకీయాల్లోకి పోవడమంటే మన దగ్గర అందరికీ తెలిసిన మెట్లు కొన్ని ఉన్నాయి. మదర్‌వెల్ కూడా మామూలు మెట్లే ఎక్కబోయాడు, ఎక్కలేకపోయాడు. 1894లోనూ, 1896లోనూ ప్రాంతీయ శాసనసభకు నిలబడి రెండుసార్లూ ఓడిపోయాడు. లిబరల్ పార్టీ మనిషిగా వెళ్ళి ఓడినవాడే, రైతు సంఘం మనిషిగా ఊరూరా తెలిసిన తర్వాత, అడగకుండానే మంత్రి పదవికి పిలిపించుకున్నాడు. 1905 సెప్టెంబరు 1న సస్కాచెవాన్ కొత్త రాష్ట్రమైంది. ప్రధాని వాల్టర్ స్కాట్ తన మంత్రివర్గంలో వ్యవసాయ శాఖను ఆయనకు అప్పగించాడు. ఆ కుర్చీలో ఆయన 1918 దాకా, అంటే 13 ఏళ్ళు కూర్చున్నాడు. మధ్యలో 1908లో సొంత ప్రాంతపు ఓటర్లే ఓడించారు. వేరే నియోజకవర్గం నుంచి గెలిచి పదవి నిలుపుకున్నాడు. ఇరుగుపొరుగు ఎందుకు ఓడించారో నేను ఊహించగలను: మంత్రి పొలం బాగుంటే మన పొలం ఎందుకు బాగాలేదని అడగడం ఏ దేశపు రైతుకైనా సహజమే.

మంత్రిగా ఆయన చేసిన పనుల్లో నాకు అన్నింటికంటే నచ్చింది 1911 నాటి సహకార ఎలివేటర్ల ఏర్పాటు. ఎలివేటర్లన్నీ ప్రభుత్వమే కొని నడపాలని రైతులు గట్టిగా అడుగుతున్నారు. మదర్‌వెల్, స్కాట్ అందుకు ఒప్పుకోలేదు. బదులుగా రైతులే కంపెనీ పెట్టుకోవాలన్నారు. కట్టుబడి ఖర్చులో 15 శాతం వాటాల రూపంలో రైతులు తెస్తే, మిగిలిన 85 శాతం ప్రభుత్వం అప్పుగా ఇచ్చింది. ఏ కాటా దగ్గర తలవంచుకుని నిలబడ్డారో ఆ కాటాకే రైతులు యజమానులయ్యారు. మా నాన్న మాటను పక్కన పెట్టుకుని చూస్తే, ఇది కాయతో పాటు కాటా కూడా మనదే కావడం.

1914లో మొదలై ఏళ్ళ తరబడి నడిచిన మరో ఏర్పాటు వ్యవసాయ రైలు. పశువులు, విత్తనాలు, కలుపు మొక్కల నమూనాలు, ఇంటి పనులు నేర్పే పెట్టె ఒకటి, పిల్లలకు ఒకటి, ఇలా రైలు పెట్టెలనే బడిగా మార్చి, ఊరూరా ఆపి, రైతు కుటుంబాలను ఎక్కించి చూపించేవారు. పెట్టెలు, ఇంజన్లు ఇచ్చినవి రైల్వే కంపెనీలు. పన్నెండేళ్ళ కిందట కోర్టుకీడ్చినవాడి శాఖ చెప్పే పాఠాలను అదే రైలు మోసుకు తిరిగింది.

1918లో ఆయన రాజీనామా చేశాడు. బడుల్లో ఫ్రెంచి భాషలో చదువు చెప్పడాన్ని కుదించాలని అప్పటి ప్రధాని తీసుకున్న నిర్ణయం ఆయనకు నచ్చలేదు. ఆయన మాతృభాష ఫ్రెంచి కాదు, ఓటర్లలో ఎక్కువమంది ఆ నిర్ణయానికి అనుకూలం. అయినా కుర్చీ వదిలాడు. ఆ తర్వాత ఒట్టావాకు పోయి, కొద్ది నెలల విరామం మినహా 1921 నుంచి 1930 దాకా కేంద్ర వ్యవసాయ మంత్రిగా పని చేశాడు. గోధుమకు పట్టే తుప్పు తెగులు మీద పరిశోధనకు విన్నిపెగ్‌లో ప్రయోగశాల పెట్టించింది అప్పుడే. 80 ఏళ్ళ దాకా పార్లమెంటు సభ్యుడుగా ఉన్నాడు. ఈ భాగం మీద నాకు ఆసక్తి తక్కువ; పెద్ద పదవుల్లో మనుషులు ఒకరిలా ఒకరు కనిపిస్తారు.

ఆయన ప్రియంగా చెప్పిన బీడు సేద్యానికి చివర్లో ఎదురుదెబ్బ తగిలింది. ఏడాది పొడవునా దున్ని పొడి చేసిన నేల 1930లలో కరువు గాలులకు మేఘాల్లా లేచిపోయింది. తేమను దాచిన దుక్కే మట్టిని దాచలేకపోయింది. మన ఎర్ర నేలల్లో వేసవి గాలికి లేచే దుమ్ము చూసినవాళ్ళకు ఆ బాధ విడమరచి చెప్పనక్కరలేదు.

వరుస గురించి ఇంత రాసి, ఇంకొక వరుస గురించి రాయకపోతే, నేను వేళ గడిలో అంకె దిద్దినట్టే అవుతుంది. మదర్‌వెల్‌కు 10 డాలర్లకు దక్కిన ఆ నేల మీద అంతకు ముందు క్రీ, సోటో, అసినిబోయిన్ జాతులవాళ్ళు తిరుగాడేవాళ్ళు. 1874 సెప్టెంబరులో క్వాపెల్ కోట దగ్గర వాళ్ళతో ప్రభుత్వం ఒడంబడిక రాయించుకుంది. అది నాలుగో నంబరు ఒడంబడిక. వాళ్ళకని మిగిల్చిన కొద్దిపాటి రిజర్వు భూముల్లో సేద్యం చేసుకోమని చెప్పారు. వాళ్ళు చేశారు. అబర్నెథీకి దగ్గరలోనే ఫైల్ హిల్స్ రిజర్వులు ఉన్నాయి. 1889లో వచ్చిన కొత్త విధానం ఆ రైతులను యంత్రాలు వాడనీయలేదు. చేతి పనిముట్లతో విత్తి, కొడవళ్ళతో కోసి, చిన్న చెక్కల్లో సరిపెట్టుకోవాలంది. పండిన గింజ అమ్మాలన్నా ప్రభుత్వం పెట్టిన ఏజెంటు దగ్గర అనుమతి చీటీ తెచ్చుకోవాలి. చీటీ లేకుండా అమ్మితే నేరం, కొంటే నేరం. వ్యాగన్ల కోసం సంఘం పెట్టుకున్న రైతులకు కొద్ది మైళ్ళ దూరంలో, బస్తా అమ్ముకునే హక్కు కోసం మరో రైతులు మరో బల్ల ముందు నిలబడి ఉన్నారు. వాళ్ళ పేర్లు రాసుకునే పుస్తకం స్టేషనులో లేదు. మదర్‌వెల్ మొదటి భార్య అడలీన్ 1905లో, ఆయన మంత్రి అయిన ఏడాదే చనిపోయింది. 1908లో ఆయన పెళ్ళాడిన కేథరిన్ గిలెస్పీ ఆ ఫైల్ హిల్స్‌లో ఆదివాసీ పిల్లల బోర్డింగు బడిలో పని చేసిన మనిషి. పిల్లలను తల్లిదండ్రుల నుంచి విడదీసి, సొంత భాష మాన్పించిన బడుల్లో అది ఒకటి. ఫ్రెంచి పిల్లల భాష కోసం పదవి వదులుకున్నవాడి ఇంట్లోనే ఈ సంగతి కూడా ఉంది. ఈ రెంటినీ కలిపి ఒక్క మనిషిగా చూడడానికి నాకు చాలా రోజులు పట్టింది, ఇప్పటికీ పూర్తిగా కుదరలేదు.

ఆ ఇల్లు రెండంతస్తుల రాతి ఇల్లు. పొలాల్లోనూ లోయలోనూ దొరికిన రాళ్ళను ఆయన ఏళ్ళ తరబడి ఏరి పోగు చేసుకుంటూ, తొలినాళ్ళ దుంగల ఇంట్లోనే కాపురం చేసి, 1897లో ఈ ఇల్లు కట్టించాడు. గోడ మీద చెయ్యి వేసి చూశాను. గులాబి, బూడిద, నలుపు, ఒక్కొక్క రాయి ఒక్కొక్క రంగు, పగలగొట్టిన ముఖం బయటికి పెట్టి సున్నంతో అతికారు. పొలంలో రాళ్ళు ఏరి గట్టు మీద కుప్ప వేయడం మన జిల్లాలో ప్రతి ఇంటివాళ్ళకూ తెలిసిన పని, ఆ కుప్పతో ఇల్లు కట్టుకున్నవాడిని చూడడం మాత్రం నాకు అదే మొదలు. పుట్టిన జిల్లాను తలచుకుని ఆయన ఆ స్థలానికి లానార్క్ ప్లేస్ అని పేరు పెట్టుకున్నాడు. ఆవరణను నాలుగు భాగాలు చేసి, ఒకదానిలో ఇల్లు, ఒకదానిలో తోట, ఒకదానిలో కొట్టం, నాలుగోదానిలో కుంట అమర్చాడు. కుంట చుట్టూ దట్టంగా చెట్లు పెంచాడు. చలికాలంలో గాలికి కొట్టుకొచ్చే మంచు ఆ చెట్లకు తగిలి అక్కడే పేరుకుని, ఎండలు వచ్చాక కరిగి కుంటలోకి దిగుతుంది. మన సేద్యపు కుంటకు వాన పట్టినట్టు, ఆయన మంచును పట్టాడు. నేను దాని గట్టు మీద కూర్చుని ఎంతసేపటికీ లేవకపోవడం చూసి, "నాన్నా, ఇట్లాంటి కుంటలు మన ఊళ్ళో లేవా ఏమి?" అని మా అమ్మాయి నవ్వింది.

1943 మే నెలలో, 83 ఏళ్ళ వయసులో ఆయన చనిపోయాడు.

తిరిగి వచ్చేటప్పుడు దారి కొంచెం చుట్టయినా సింటలూటా మీదుగా పోనిమ్మన్నాను. ఆ పేరు సూ జాతుల భాషలోది, ఎర్ర తోక అని అర్థమట. పెద్ద రోడ్డు పక్కన కాసిని ఇళ్ళు, పట్టాలు, అంతే. కారు దిగి పట్టాల వైపు నడుస్తుండగా తూర్పుకు పోయే గూడ్సు బండి ఒకటి వచ్చింది. అన్నీ ధాన్యం పెట్టెలే. పాత అలవాటు కొద్దీ వేళ్ళు మడుస్తూ లెక్కపెట్టడం మొదలుపెట్టాను. 112 దాకా వచ్చాను. మా అమ్మాయి హారను కొట్టింది, లెక్క తప్పింది.